హెల్మెట్ అదురుడు: విండ్‌స్క్రీన్ పెంచాలా, దించాలా?

సమవేగం: బైక్ వేగం 90 కి.మీ. దాటగానే హెల్మెట్ టపటపా కొట్టుకుంటోంది, అద్దాల్లో ఏమీ ఆనడం లేదు. స్క్రీన్ కంపెనీదే, ఫెయిరింగ్‌కి (బండి ముందు ప్లాస్టిక్ తొడుగుకి) నాలుగు బోల్టులతో ఉంది. గాలి సరిగ్గా గడ్డం దగ్గర తగులుతోంది. ఎత్తుది వేయాలా, ఉన్నదే దించాలా?

స్పానర్‌బాబాయ్: ఎత్తుదే. గాలి హెల్మెట్ మీదుగా వెళ్ళిపోవాలి. మామూలుగా కూర్చున్నప్పుడు స్క్రీన్ పై అంచు మీ చూపుకి 3-5 సెం.మీ. కింద ఉండాలి. రోడ్డు స్క్రీన్ పైనుంచి కనబడాలి గానీ స్క్రీన్‌లోంచి కాదు. రాత్రి వానలో తేడా తెలుస్తుంది.

ఎదురుగాలి: అన్నిటికీ ఎత్తే మందా బాబాయ్? స్క్రీన్ వెనక పీడనం తక్కువ. అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ అక్కడికి దిగుతుంది, తలని కొట్టేది ఆ సుడులే. స్క్రీన్ ఎంత పెద్దదై, ఎంత నిటారుగా ఉంటే ఆ సుడులూ అంత పెద్దవి.

సమవేగం గారూ, ముందు స్క్రీన్ విప్పేసి అదే రోడ్డు మీద అదే వేగంతో వెళ్ళి చూడండి. గాలి ఎక్కువ తగిలినా తల నిలకడగా ఉందంటే తప్పు స్క్రీన్‌ది. అప్పుడూ అదిరితే హెల్మెట్ వదులైనా అయ్యుండాలి, దాని పీక్ (నుదుటి మీద టోపీ అంచులా ముందుకొచ్చేది) గాలి పట్టుకుంటూనైనా ఉండాలి. స్క్రీన్‌దే అని తేలితే కింది రెండు బోల్టుల దగ్గర నైలాన్ స్పేసర్లు (సందు కోసం బోల్టుకి తొడిగే బిళ్ళలు) వేసి, అంతమేర పొడవు బోల్టులు వాడండి. కింది అంచు ముందుకొచ్చి స్క్రీన్ కాస్త వాలుతుంది, ఆ సందులోంచి వెళ్ళిన గాలి వెనక ఖాళీని నింపుతుంది.

రెండోగేరు: ఇయర్‌ప్లగ్స్.

ఎదురుగాలి: అవి చప్పుడుకి. అదురుడుకి కాదు.

స్పానర్‌బాబాయ్: స్పేసర్లట! అక్కడ ఉండేది వెల్‌నట్, అంటే లోపల ఇత్తడి మర ఉన్న రబ్బరు నట్టు. బోల్టు చాలకపోతే లోపలి ఇత్తడి మరలో రెండు చుట్లు కూడా పట్టదు. వదులవుతోందని బలంగా బిగిస్తే రంధ్రం చుట్టూ స్క్రీన్ చిట్లుతుంది. బోల్టు వదులవకుండా మరకి పూసే జిగురు, లాక్‌టైట్, పూస్తే ఇంకా ఘోరం, స్క్రీన్ పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ నెర్రెలిస్తుంది.

ఎదురుగాలి: లాక్‌టైట్ ఊసెత్తింది ఎవరు? పొడవు బోల్టులు వాడమని రాశాను, చదవండి.

స్పానర్‌బాబాయ్: మీరు చెప్పరు, చదివినవాళ్ళు పూస్తారు.

హైవేమిత్ర: క్లిప్ డిఫ్లెక్టర్ (స్క్రీన్ పైన క్లిప్పులతో తగిలించే చిన్న రెక్క) పెట్టి చూడొచ్చుగా? స్క్రీన్ అంచుకి ఆనించకుండా 2-3 సెం.మీ. సందు వదిలి. ఆ సందులోంచి గాలి పోవాలి, లేకపోతే అదీ ఎత్తు స్క్రీనే.

స్పానర్‌బాబాయ్: చూశారా, చివరికి అందరూ ఎత్తు దగ్గరికే వస్తారు.

ఎదురుగాలి: సందు అన్న మాట మింగేశారు. చైన్ లూబ్ చర్చలోనూ మీది ఇదే వరస. ఎదుటివాళ్ళ మాటలో మీకు పనికొచ్చే ముక్క ఒక్కటే కనబడుతుంది.

స్పానర్‌బాబాయ్: లూబ్ సంగతి ఇక్కడెందుకు? వేగం 80 నుంచి 110కి పెరిగితే గాలి తోపుడు దాదాపు రెట్టింపు. స్క్రీన్ దించి, ఆ తోపుడంతా ఛాతీ మీద మోస్తూ గంటల తరబడి నడపాలా?

ఎదురుగాలి: ఇదీ అసలు గొడవ! మీకు ఒంటికి గాలే తగలకూడదు. నేను మాట్లాడేది తల గురించి. ఒకే తీరున వచ్చే తోపుడుకి మెడ సర్దుకుంటుంది, అదురుడుకి సర్దుకోదు. రెండూ ఒకే స్క్రీన్‌తో కావాలంటే చాలా బళ్ళ మీద కుదరదు.

స్పానర్‌బాబాయ్: చలికాలంలో రాత్రిపూట నడిపేవాణ్ణి అడగండి, ఏది ముఖ్యమో.

హైవేమిత్ర: అడిగినాయనకి ఏం కావాలో ఆయన్నే చెప్పనివ్వండి.

సమవేగం: ఒంటికి గాలి తగిలినా ఫర్వాలేదు, చూపు అదరకూడదు. విప్పేసి చూస్తాను. స్పేసర్లు వేయాల్సివస్తే ఒకేసారి 10 మి.మీ. పెట్టనా?

ఎదురుగాలి: 5తో మొదలుపెట్టండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఎత్తూ వాలూ కలిపి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలీదు. రానూ పోనూ రెండువైపులా నడిపి చూడండి, లేకపోతే ఆ రోజు వీచే గాలి మోసం చేస్తుంది. బిగించాక హ్యాండిల్ పూర్తిగా కుడికీ ఎడమకీ తిప్పి, స్క్రీన్‌కి ఏదీ తగలడం లేదని చూసుకోండి.

స్పానర్‌బాబాయ్: లాక్‌టైట్ మాత్రం వద్దు.