గబగబా అయితే రెండుసార్లు, ధబేల్ అయితే ఒక్కసారే

నిన్న ఇక్కడ ఒకరు స్లాప్‌స్టిక్‌ని తెలుగులో ఏమనాలి అని అడిగారు కదండీ, అదే, పడడాలు, దెబ్బలతో నవ్వించే హాస్యాన్ని. ఒక్క మాట కోసం వెతికే కంటే మన చప్పుడు మాటలు చూస్తే మేలనిపిస్తోంది నాకు, ఎందుకంటే ఆ ఇంగ్లీషు మాట కూడా చప్పుడులోంచి పుట్టిందే, పాత ఇటలీ నాటకాల్లో హాస్యగాడి చేతిలో రెండు చెక్కలు కలిపి చేసిన బద్ద ఉండేది, దాంతో కొడితే దెబ్బ తక్కువ మోత ఎక్కువ, ఆ బద్ద పేరే ఈ హాస్యానికి వచ్చింది. మనమూ "చెంప ఛెళ్ళుమంది" అంటాం, నొప్పి సంగతి ఎత్తం. "వీపు విమానం మోత మోగుద్ది" కూడా అంతే.

మా మేనకోడలికి ఐదేళ్ళు. రోడ్ రన్నర్ కార్టూన్ చూసొచ్చి నాకు కథ చెప్పింది: "నక్క టకటకా టకటకా పరిగెత్తిందా, కొండ అయిపోయిందా, అయినా గాల్లోనే ఉందా, కిందకి చూసిందా..." అని ఊపిరి బిగబట్టి ఆగి, "ధబేల్!" అంది. (అది నక్క కాదు కొయోటీ, రోడ్ రన్నర్ అనే పక్షిని పట్టాలని తరిమే, తోడేలు లాంటి అమెరికా జంతువు, కానీ ఇంట్లో అందరికీ నక్కే.)

అప్పుడు వెలిగింది. పరుగుకి మన మాటలు చాలావరకు జంటలే: గబగబా, బిరబిరా, టకటకా, దడదడా. పడడానికి మాత్రం ఒంటి మాట: ధబేల్మని, దభీమని, ధబ్బున. 1949లో చక్ జోన్స్ మొదలుపెట్టిన ఆ కార్టూన్ల నడకా ఇదే, పక్షి నోట వచ్చే ఒక్క మాట కూడా బీప్ బీప్ అని జంటే! కొయోటీ పడుతుందని ముందే తెలుసు, ప్రతిసారీ పడుతుంది, ఎప్పుడు పడుతుందా అన్న ఆ కాస్త ఆలస్యంలోనే ఉంది నవ్వంతా. టామ్ అండ్ జెర్రీలో కూడా మాటలు బాగా తక్కువ, టామ్ కేక మాత్రం దాన్ని తీసినవాళ్ళలో ఒకరైన విలియం హన్నా సొంత గొంతే.

>> మరి "ధనాధనా బాదాడు" అంటాం కదండీ, అది దెబ్బే, అయినా జంట మాట?

మంచి ప్రశ్న అండీ. అక్కడ దెబ్బలు వరసగా పడుతున్నాయి, అంటే దెబ్బ కూడా పరుగు అందుకుందన్నమాట. స్టీలు గిన్నె చూడండి, చేజారి పడితే ఖంగుమంటుంది, అదే గిన్నె దొర్లుకుంటూ పోతే గడగడా అంటాం.