అరుదైన జబ్బు రోగి వివరాలను వేరే ఆసుపత్రుల వైద్యులతో ఆన్‌లైన్‌లో పంచుకోవచ్చునా?

పిల్లల డాక్టరు, ఒంగోలు:

ఈ చర్చను మొదలుపెడుతున్నది నేనే కనుక నా పక్షం ఏదో ముందే చెప్పడం మంచిది. నేను పనిచేసే ఆసుపత్రిలో చేరిన ఒక పసిబిడ్డ ఫొటో వైద్యుల వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి పోయి, చేతులు మారి, చివరకు ఆ బిడ్డ మేనమామ ఫోనుకే చేరింది. ఆ గొడవ తరువాత, రోగికి సంబంధించిన ఏ కాగితమూ, ఏ ఎక్స్‌రే కూడా ఆసుపత్రి గడప దాటరాదని మా పెద్దలు తీర్మానించారు. జరిగినది తప్పే. అయినా ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోము కదా.

డెంగీకి, నిమ్ముకు మాకు ఎవరి సలహా అక్కరలేదు. గోషే జబ్బు, పాంపే జబ్బు వంటి అరుదైన జన్యు జబ్బులు జిల్లా వైద్యుడి ముందుకు ఉద్యోగ జీవితం మొత్తం మీద ఒకటి రెండు సార్లు వస్తే వస్తాయి, ఆ రోజున ఆయన గుర్తుపట్టకపోతే ఆ బిడ్డకు మరో రోజు ఉండకపోవచ్చు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాలలో ఒకటి హైదరాబాదులో ఉన్నది. డీఎన్ఏ పరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి దానిని నడుపుతున్నాయి. ఆ విధానం కింద ఒక్కొక్క రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలున్నది. అయితే ఆ దారి తెరుచుకోవాలంటే ముందు ఇక్కడ ఎవరో ఒకరు జబ్బును అనుమానించాలి, ఆ అనుమానాన్ని తెలిసినవారి ముందు ఉంచగలగాలి.

అమెరికాలోని న్యూ మెక్సికోలో 2003లో ఎకో అనే పద్ధతి మొదలైంది. దూరప్రాంతాల వైద్యులు తమ హెపటైటిస్ సీ కేసులను వీడియోలో విశ్వవిద్యాలయ వైద్యుల ముందు ఉంచి చర్చించేవారు, రోగి మాత్రం తన ఊరిలోనే మందు వాడుకునేవాడు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి, బయటి వైద్యుల చేతిలో 58.2 శాతం మందికి వైరస్ పోయింది. ఇంతకన్నా ఏ రుజువు కావాలి?

రికార్డుల గది, నెల్లూరు:

డాక్టరు గారూ, నేను వైద్యం చదవలేదు. కేసు షీట్లు కట్టలు కట్టి, అడిగినప్పుడు వెదికి ఇచ్చే పని నాది. పేరు కొట్టేస్తే మనిషి కనబడడని మీరంతా నమ్ముతారు, ఆ నమ్మకం మీదనే నా అభ్యంతరం.

పేరు తీసేసిన ఒక కేసు నివేదిక ఒకసారి నా చేతికి వచ్చింది. సముద్రపు ఒడ్డు పల్లె, మేనరికపు సంబంధం, ముగ్గురిలో రెండవ బిడ్డ, పెద్ద బిడ్డ చిన్నతనంలోనే మరణం అని అందులో రాసి ఉంది. ఆ కింద వంశవృక్షం బొమ్మ గీసి, జబ్బున్నవారిని నల్లగా, లేనివారిని తెల్లగా చూపించారు. ఆ పల్లెలో ఎవరికి చదివి వినిపించినా పేరు వాళ్ళే చెబుతారు. ఆ బొమ్మలో తెల్లటి గుండ్రంగా ఉన్న ఆడపిల్ల ఒకతె ఉన్నది. ఆమెకు రేపు సంబంధం చూడాలి. మీకు అది గుండ్రం, వాళ్ళకు అది కూతురు. జబ్బు ఎంత అరుదైనదైతే రోగిని గుర్తుపట్టడం అంత తేలిక అని మీకు నేను చెప్పవలసి రావడం విచిత్రంగా ఉంది.

పెన్నాతీరం (న్యాయవాది):

ఇద్దరికీ పనికివచ్చే మాట ఒకటి ఉన్నది. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి, రోగి ఎవరో తెలిసిపోయే విధంగా అతని ఫొటోనుగానీ కేసు నివేదికనుగానీ అనుమతి లేకుండా ప్రచురించరాదంటుంది. గుర్తింపు బయటపడకపోతే సమ్మతి అక్కరలేదని కూడా అదే చెబుతుంది. రికార్డుల గది వారు చెప్పిన ఉదాహరణలో ఆ రెండో వాక్యం వర్తించదు, ఎందుకంటే అక్కడ జబ్బే గుర్తింపు. ఇక ఒక వైద్యుడు మరో వైద్యుడిని సలహా అడగడం వేరు. దానికి 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అనుమతిస్తాయి, కానీ రోగి బాధ్యత అడిగినవారి మీదనే ఉంటుంది. ప్రచురణను, సలహాను ఒకే గాటన కట్టి మాట్లాడితే ఈ చర్చ తెమలదు.

ఎముకల డాక్టరు, కనిగిరి వైపు:

ఎకో లెక్కలు సరైనవే, కానీ పిల్లల డాక్టరు గారు వాటిని తప్పుచోట వాడుతున్నారు. హెపటైటిస్ సీ అరుదైన జబ్బు కాదు. వేలమంది రోగులు, తేలిన మందు, తేలిన మోతాదు ఉన్నచోట చెప్పేవాడికి చెప్పడం సులువు. మన సమస్య వేరు: చెప్పేవాడు కూడా ఆ జబ్బును మూడుసార్లే చూసి ఉంటాడు, ఆ మూడు కేసుల అనుభవం గ్రూపులో పడేసరికి వైద్యవిధానమై కూర్చుంటుంది.

నా అనుభవాలు రెండు చెబుతాను, అవి రెండూ రెండు వైపులకు లాగుతాయి. మా వైపు కాళ్ళు వంకర పోయిన బిడ్డను తెస్తే, పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి, ఫ్లోరైడు నీళ్ళని తేల్చేయడం అందరికీ అలవాటు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 వరకు అని ప్రమాణం. దానిని దాటిన బోర్లు మాకు కొత్త కాదు. అట్లాంటి ఒక బిడ్డకు విటమిన్ డీ, క్యాల్షియం ఎన్నాళ్ళిచ్చినా కాళ్ళు తిన్నబడలేదు. అదే బోరు నీళ్ళు తాగిన అన్నదమ్ములకు కాళ్ళు బాగానే ఉన్నాయి. నేను ఎక్స్‌రే పంపితే దూరాన ఉన్న ఒక వైద్యుడు ఒకే మాట అడిగారు: రక్తంలో ఫాస్ఫేటు చూశారా? చూడలేదు. చూస్తే తక్కువగా ఉంది, మూత్రంలో పోతున్నది. అది వంశపారంపర్యంగా వచ్చే రికెట్స్. దానికి ఫాస్ఫేటు, కాల్సిట్రయాల్ అనే ఒక రకం విటమిన్ డీ ఇవ్వాలి. నీళ్ళ మీద నెపం పెట్టి నేను పోగొట్టిన కాలం ఆ బిడ్డది.

రెండవది. నడుము వంగని ఒక రైతు వెన్నెముక ఎక్స్‌రే పంపాను, ఎముక సుద్దలా తెల్లగా ఉంది. నగరం నుంచి వెంటనే జవాబు వచ్చింది: ఇది ఆస్టియోపెట్రోసిస్ (ఎముక అతిగా గట్టిపడే జన్యు జబ్బు), జన్యుపరీక్ష చేయించండి. ముంజేతి ఎముకల మధ్య పొరకు సున్నం పట్టి ఉన్నది చూడండి, ఇది మా నీళ్ళ పని అని నేను చెప్పవలసి వచ్చింది. నేను ఆ మాట చెప్పకుండా ఉండి ఉంటే ఆ రైతు పరీక్ష కోసం పశువులను అమ్ముకునేవాడు. పంచుకోవడమంటే మనం అడగడం, వాళ్ళు చెప్పడం మాత్రమే అయితే నేను దానికి వ్యతిరేకిని.

మన ప్రాంతానికి ఈ సంగతి కొత్తదీ కాదు. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, మద్రాసు వైద్యులు ఇక్కడివారి ఎముకల మీద ఫ్లోరైడు చేసిన పనిని వైద్యపత్రికలో ప్రచురించారు. ప్రపంచానికి పాఠం దొరికింది. ఆ తరువాత కూడా తరాల తరబడి మావాళ్ళు ఆ నీళ్ళే తాగారు.

కావలి తండ్రి:

అయ్యా, మా అబ్బాయి జబ్బు పేరు ఇక్కడ రాయను. రాస్తే కావలిలో మేమెవరమో తెలిసిపోతుంది, కనుక రికార్డుల గది అమ్మగారి మాట నిజమే. అయినా పంచుకోవాలనే నేను అంటాను.

జబ్బు పేరు తెలియడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది. నెల్లూరు, చెన్నై, వేలూరు తిరిగాము. పినాకిని రైలులో మమ్మల్ని టీ అమ్మే కుర్రవాడు కూడా గుర్తుపట్టేవాడు. ప్రతిచోటా మొదటి నుంచి అదే కథ చెప్పాలి, అదే రక్తం మళ్ళీ తీయాలి, ఎందుకంటే ఒక ఆసుపత్రి కాగితాన్ని ఇంకొక ఆసుపత్రి నమ్మదు. ఆ డాక్టర్లు ఒకరితో ఒకరు ఒక్క గంట మాట్లాడుకుని ఉంటే మా తిరుగుడు ఎంత తగ్గేదో.

ఒకచోట చదువుకునే డాక్టరు ఒకాయన, బిడ్డ ఒంటిమీద బట్ట లేకుండా ఉన్నప్పుడు ఫొటోలు తీసుకుని, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే నేనే బిడ్డను వెలుతురుకు తిప్పి పట్టుకునేవాడిని. ఆ ఫొటో ఎవరికి పోయింది, వాళ్ళేమన్నారు అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. దాచమని నేను అడగడం లేదు, పంపినప్పుడు వచ్చిన జవాబు మాకూ చెప్పమంటున్నాను.

పిల్లల డాక్టరు, ఒంగోలు:

ఎకో గురించి ఎముకల డాక్టరు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. సరైన ఉదాహరణ ఐరోపాది. అక్కడ 2017లో అరుదైన జబ్బుల కోసం 24 నిపుణుల వలయాలను ఏర్పాటు చేశారు. రోగి సమ్మతి తీసుకున్నాకనే కేసును ఆ వలయం సొంత వేదికలో ఉంచుతారు. వేర్వేరు దేశాల వైద్యులు దానిమీద కలిసి చర్చిస్తారు, రోగి ఉన్నచోటనే ఉంటాడు. మనకు ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఉన్నది, 2019లో ఆరోగ్య ఉపకేంద్రాల నుంచి వైద్యులకు దానిని మొదట కలిపిన రాష్ట్రం మనదే. అయితే అది ఒక వైద్యుడిని ఒకసారి అడిగే ఏర్పాటు. నలుగురు కలిసి ఒకే కేసును నెలల తరబడి వెంబడించడం వేరే పని.

కనుక నా వాదనను ఇలా కుదించుకుంటున్నాను. వాట్సాప్ గ్రూపులో రోగి ముఖమూ, ఊరి పేరూ, వంశవృక్షమూ ఎన్నడూ పెట్టరాదు. మేనరికం అవునా కాదా అన్న ఒక్క మాట వైద్యానికి చాలు. పూర్తి వివరాలు అవసరమైతే తల్లిదండ్రుల సమ్మతితో, పేర్లు తెలిసిన వైద్యుల మధ్యనే పంపాలి. వచ్చిన జవాబును కేసు షీటులో రాసి, తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపించాలి. ఈ చివరిది నాకు తట్టలేదు, కావలి వారు చెప్పాకనే తట్టింది.

ఎముకల డాక్టరు, కనిగిరి వైపు:

చెప్పిన సలహా తప్పని తేలితే ఆ సంగతిని కూడా అదే వేదికలో రాయాలన్న షరతు చేర్చండి, నేను చేరతాను. ఫలించిన కేసులు అందరూ రాస్తారు.

పెన్నాతీరం (న్యాయవాది):

సమ్మతి గురించి ఒక్క మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలో, అంటే తెలుగులో, చదువుకునే వీలు ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగానే ఉండాలి. చేర్చుకునేటప్పుడు పెట్టించుకునే గుత్త సంతకం ఇక్కడ పనికిరాదు.

రికార్డుల గది, నెల్లూరు:

ఆ చివరి మాట దగ్గరే నాకు సందేహం. సమ్మతి పత్రం తెలుగులో రాసి ఇస్తాను, నాకు చేతనైన పనే. "వద్దనుకుంటే ఈ నంబరుకు చెప్పండి" అన్న వరుస పక్కన ఎవరి నంబరు రాయాలి?

పిల్లల డాక్టరు, ఒంగోలు:

నాది రాయండి.

రికార్డుల గది, నెల్లూరు:

మీకు బదిలీ అయితే? ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చి, తన వివరాలు తీసేయమని అడిగే రోజుకు మీరు ఎక్కడ ఉంటారో మీకే తెలియదు. డాక్టర్లు మారతారు, రికార్డుల గది మారదు. మీ ఆసుపత్రిలో ఆ గదికి ఫోను ఉన్నదా?

పిల్లల డాక్టరు, ఒంగోలు:

లేదమ్మా. సోమవారం సూపరింటెండెంటు గారిని అడుగుతాను.