అప్‌డేట్: కొత్త అసోసియేట్ డీన్‌గా తొలి వారాలు, చివరికి ఏది పనిచేసిందంటే

వ్యవసాయ కళాశాలకు అసోసియేట్ డీన్‌గా, అంటే కళాశాల అధిపతిగా, వచ్చిన తొలి వారంలో, సమావేశాల్లో అధ్యాపకులెవరూ నోరు విప్పడం లేదని, వారి నమ్మకం ఎలా పొందాలో చెప్పమని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తర్వాత ఫలితం రాస్తున్నాను.

మీ గదికి పిలవకండి, మీరే వారి దగ్గరకు వెళ్లండి అన్న సలహా పనిచేసింది. సస్యశాస్త్రం నుంచి కీటకశాస్త్రం వరకు ప్రతి విభాగానికీ వెళ్లి, అడ్డు చెప్పకుండా విన్నాను. అయితే అసలు చిక్కు తెలిసింది అక్కడ కాదు, కళాశాల పొలంలో ఉదయం కూలీల హాజరు వేసే వేళ: విద్యార్థుల ప్రాక్టికల్ మళ్లకు నీటి వంతు చివరన రావడంతో నాట్లు ఆలస్యమై, సెమిస్టర్ ముగిసేనాటికి పంట కోతకు రావడం లేదని, ఈ సంగతి పలుమార్లు రాసినా జవాబు రాకపోవడం వల్లనే అధ్యాపకులు చెప్పడం మానుకున్నారని క్షేత్ర సిబ్బందిలో ఒక పెద్దాయన వివరించారు. ఆ మౌనం నా మీద అయిష్టం కాదన్నమాట. నీటి వంతు మార్చాం. తర్వాతి సమావేశం రెండు గంటలు సాగింది.

రావెప్ (పల్లెల్లో ఉండి రైతులతో కలిసి వ్యవసాయ అనుభవం పొందే కార్యక్రమం) విద్యార్థులు బస చేసే ఊళ్లకు, రైతులకు సలహాలిచ్చే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఏరువాక కేంద్రం శాస్త్రవేత్తను వెంటబెట్టుకొని వెళ్లమన్న సూచన కూడా మేలు చేసింది. ఆయన రైతులకు ముందే పరిచయస్తులు కావడంతో వారు నాతోనూ మనసు విప్పి మాట్లాడారు.

స్వాగత విందు, సూచనల పెట్టె అక్కరకు రాలేదు. పెట్టెలో పడిన రెండు చీటీలూ హాస్టల్ భోజనం గురించినవే. వాటిని వార్డెన్‌తో కలిసి సరిచేస్తున్నాం.