తెలుగు డొమైన్ పేరుకు పొడవు పరిమితిని దేనితో కొలవాలి?

ప్రశ్న:
నమస్కారం. వివిధ లిపుల్లో డొమైన్ పేర్లు స్వీకరించే నమోదు ఫారం ఒకటి తయారు చేస్తున్నాను. పేరులో చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే భాగం 63 బైట్లు మించరాదని 1987 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1035 చెబుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు మూడు కావాలి. ఆ లెక్కన మనకు దక్కేవి 21 యూనికోడ్ సంకేతాలే (అన్ని లిపుల గుర్తులకూ విడివిడిగా ఇచ్చిన సంఖ్యలు). పొల్లు, గుణింతపు గుర్తు కూడా విడిగా లెక్కకు వస్తాయి కనుక ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు, 18 బైట్లు ఖర్చవుతాయి. అన్ని లిపులకూ న్యాయంగా ఉండాలంటే పరిమితిని బైట్లలో పెట్టాలా, అక్షరాల్లోనా?

మొదటి సమాధానం:
రెండూ సరిపోవండి. డొమైన్ పేర్లను వెతికిపెట్టే వ్యవస్థ డీఎన్ఎస్‌కు చేరేది యూటీఎఫ్-8 కాదు, పేరును ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్లతోనే రాసే ప్యూనీకోడ్ రూపం; 63 పరిమితి వర్తించేది దానికే. అందులో ‘ఎక్స్’, ‘ఎన్’, రెండు హైఫన్లు కలిసిన ముందుగుర్తుకు నాలుగు పోగా 59 మిగులుతాయి. ‘భారత్’ అన్న మన తెలుగు టాప్ లెవెల్ డొమైన్‌నే (పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే భాగం) చూడండి. అందులో ఐదు సంకేతాలున్నాయి, యూటీఎఫ్-8లో అవి 15 బైట్లు. ప్యూనీకోడ్‌లో మాత్రం తొమ్మిదే, ముందుగుర్తుతో కలిపి 13. ఆ తొమ్మిదిలో తొలి సంకేతానికే మూడు పోయాయి, మిగతా నాలుగింటికీ కలిపి ఆరు సరిపోయాయి. సంకేతాలను విలువల వరుసలో పేర్చి, ఒకదానికీ తర్వాతిదానికీ ఉన్న తేడానూ, అది పేరులో కూర్చునే చోటునూ మాత్రమే రాయడం ఈ పద్ధతి. తెలుగు లిపి మొత్తం 128 స్థానాల్లోనే ఇమిడి ఉంది కాబట్టి ఆ తేడాలు చిన్నవిగా ఉంటాయి. అయితే పేరు పొడుగయ్యేకొద్దీ ఒక్కో సంకేతానికయ్యే ఖర్చు మారుతుంది, అందువల్ల ‘ఇన్ని అక్షరాలు’ అని ముందే చెప్పడం కుదరదు. టైపు చేస్తుండగానే మార్చి చూసి, ఇంకా ఎంత చోటుందో చూపించండి.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. చైనా లిపి సంకేతాలు ఇరవై వేలకు పైగా స్థానాల్లో పరచుకున్నందున ఒక్కోదానికి ఖర్చు ఎక్కువ. కానీ అక్కడ ఒక్క గుర్తే ఒక మాట కావచ్చు. కనుక లెక్క సమానమైనంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. నా దృష్టిలో అసలు అన్యాయం ఈమెయిల్ చిరునామాలో ఉంది. ‘ఎట్’ గుర్తుకు ముందుండే భాగానికి 64 బైట్ల పరిమితి ఉంది, అక్కడ ప్యూనీకోడ్ ఆసరా లేదు. ఇంగ్లీషులో 64 అక్షరాలు పట్టే చోట తెలుగులో 21 సంకేతాలే పడతాయి. దీన్ని గట్టిగా అడగవలసిందే.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అలాగైతే డేటాబేసులో 63 బైట్ల గడి చాలునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ప్యూనీకోడ్ రూపానికి చాలు. తెలుగు రూపానికి విడిగా పెద్ద గడి ఇవ్వండి, లేకపోతే పేరు అక్షరం మధ్యలో తెగిపోతుంది. కొలిచే ముందు పాఠాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే గుర్తును ఎప్పుడూ ఒకే తీరు సంకేతాలతో రాసే యూనికోడ్ రూపం) మార్చడం తప్పనిసరి: ఐత్వం ఒక సంకేతంగానూ రావచ్చు, రెండుగానూ రావచ్చు.