పాత క్రాఫ్ట్స్‌మన్ టేబుల్ సా, బల్లంతా తుప్పు: ఎక్కడ మొదలుపెట్టాలి?

హ్యూస్టన్_గ్యారేజీ:
నమస్తే అండీ. మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన టేబుల్ సా (బల్ల మధ్య నుంచి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం) 60 డాలర్లకు నాకు ఇచ్చేశారు. క్రాఫ్ట్స్‌మన్, 10 అంగుళాల బ్లేడు, మోడల్ నంబర్ 113తో మొదలవుతోంది, మోటారు వెనక వేలాడుతూ బెల్ట్‌తో తిప్పే రకం. ఎన్నేళ్ళుగా పక్కన పడి ఉందో గానీ బల్లంతా ఎర్రటి తుప్పు, ఒక మూల పెయింట్ డబ్బా పెట్టిన గుండ్రటి మచ్చ కూడా ఉంది. బ్లేడు పైకి లేపే చక్రం సగం తిరిగి ఆగిపోతోంది. స్విచ్ వేస్తే మోటారు గుయ్‌మంటోంది, తిరగడం లేదు.

దీపావళికి పూజా మందిరం నా చేత్తోనే చేయాలని ఉంది. బెల్ట్ సాండర్ పెట్టి తుప్పు లేపేద్దామనుకుంటున్నా, సరేనా? నిమ్మ ఉప్పు నీళ్ళు పోయమని ఇంకొకరు అన్నారు. మా ఆవిడ కొత్తది కొనుక్కోమంటోంది కానీ ఆ పోత ఇనుము బరువు చూశాక వదలబుద్ధి కావడం లేదు.

ఒహాయో_చెక్కపని:
వదలకండి. 113 అంటే సియర్స్ అనే స్టోర్ల కోసం ఎమర్సన్ ఎలక్ట్రిక్ వాళ్ళు చేసిన మిషను అని అర్థం, ఇవి అమెరికాలో లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, విడిభాగాలు ఇప్పటికీ పాతవి దొరుకుతాయి.

తుప్పు సంగతి తర్వాత, ముందు మోటారు. గుయ్‌మంటుంటే స్విచ్ అలా వేసి ఉంచకండి, లోపల వైండింగ్ కాలిపోతుంది. ప్లగ్ పీకి, బెల్ట్ తీసేసి పుల్లీని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే బేరింగులు బాగున్నట్టే, అప్పుడు తప్పు స్టార్ట్ కెపాసిటర్‌లోనో (మోటారు తిరగడం మొదలయ్యేందుకు ఊపునిచ్చేది), మోటారు లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్‌లోనో (మోటారు వేగం అందుకోగానే ఆ ఊపును ఆపేసేది) ఉంటుంది. ఆ స్విచ్ పాయింట్ల మధ్య రంపపు పొట్టు దూరడం ఈ మోటార్లలో మామూలే. తెరిచి గాలి కొట్టండి. కెపాసిటర్‌ను ముట్టుకునే ముందు దానిలో మిగిలిన చార్జి తీసేయాలి, ఇది మర్చిపోవద్దు.

చక్రాన్ని మాత్రం బలవంతంగా తిప్పకండి. పాత గ్రీజు, పొట్టు కలిసి గేరు పళ్ళలో రాయిలా గట్టిపడి ఉంటుంది. మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం) పోసి, ఇత్తడి బ్రష్‌తో గీకి, అది మెత్తబడే దాకా ఓపిక పట్టండి. శుభ్రం చేశాక మళ్ళీ గ్రీజు పూయకండి, పొట్టంతా దానికే అంటుకుంటుంది. పొడి లూబ్రికెంట్ గానీ, కొంచెం మైనం గానీ చాలు.

డల్లాస్_వడ్రంగి:
బెల్ట్ సాండర్ మాత్రం వద్దండీ, దయచేసి. ఒక్క క్షణం ఒకేచోట ఆగితే అక్కడ గుంట పడుతుంది, బల్ల సమంగా లేకపోతే ఆ మిషను కొని ప్రయోజనమే లేదు. నేను చేసే పద్ధతి ఇది: డబ్ల్యూడీ-40 స్ప్రే నూనె ధారాళంగా చల్లి ఒక పావుగంట వదిలేసి, రేజర్ స్క్రేపర్‌ని బాగా వాల్చి పట్టుకుని గీకుతాను. సగానికి పైగా తుప్పు బురదలా వచ్చేస్తుంది. ఆ తర్వాత స్కాచ్‌బ్రైట్ ముక్కని చదునైన చెక్క దిమ్మకి చుట్టి, నూనె తడి ఉండగానే రుద్దడం. చేతులు నొప్పి పుడతాయి, ఒక శనివారం మొత్తం పడుతుంది, కానీ మెరుపు చూశాక ఆ నొప్పి గుర్తుండదు. గుండ్రటి మచ్చ నీడలా మిగిలిపోవచ్చు, వేలితో తడిమితే తగలకపోతే కోతకి అడ్డు కాదు.

నిమ్మ ఉప్పు నీళ్ళు బోల్టులకి, నట్లకి బాగుంటాయి. అల్యూమినియం, జింక్ భాగాలు అందులో వేయకండి, తినేస్తుంది. బల్ల మీద పోస్తే నల్లగా మరకలు పడతాయి.

చివర్లో సిలికాన్ లేని పేస్ట్ మైనం రెండు పూతలు వేయండి. సిలికాన్ చెక్కకి అంటితే తర్వాత వార్నిష్ పట్టదు. మీ హ్యూస్టన్ గాలిలో తేమ ఎక్కువ, చలి రాత్రి తర్వాత వెచ్చటి గాలి తగిలితే పోత ఇనుము చెమట పట్టినట్టు తడుస్తుంది, కాబట్టి మైనం వేయడం ఒక్కసారితో అయిపోదు.

న్యూజెర్సీ_లక్ష్మి:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. ఈ పాత మిషన్లకి రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనకే ఉండి, కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడుని పట్టకుండా ఆపే పలక) ఉండదు, స్ప్లిటర్ (అదే పనికి వాడే పాతరకం పలక) ఉంటే అది ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. నాకు రెండేళ్ళ క్రితం ఒక ఓక్ ముక్క బ్లేడుకీ ఫెన్సుకీ (చెక్కని ఆనించి నెట్టే పక్క పట్టీకి) మధ్య ఇరుక్కుని వెనక్కి తన్నింది, పొట్ట మీద నెల రోజులు కమిలిన మచ్చ. వేళ్ళు పోకపోవడం నా అదృష్టం. ఆ రోజు స్ప్లిటర్ లేదు, ఫెన్సు కూడా వెనకవైపు కొంచెం లోపలికి ఉంది.

అందుకే మొదటి కోతకి ముందు బ్లేడు మైటర్ గాడికి (బల్ల మీద బ్లేడు పక్కన ఉండే పొడవాటి గాడికి) సమాంతరంగా ఉందో లేదో కొలవండి. ఒకే పంటికి గుర్తు పెట్టి, గాడి నుంచి దానికున్న దూరం ముందు ఒకసారి, ఆ పన్నుని వెనక్కి తిప్పి ఒకసారి కొలవండి. తేడా అంగుళంలో 1000వ వంతులు 5 దాటకూడదు. దాటితే బల్ల కింద ట్రనియన్ (బ్లేడు భాగాన్ని బల్లకి పట్టి ఉంచే ఇనుప భాగం) బోల్టుల్లో ముందువైపు ఒకటి కాస్త బిగువుగా ఉంచి, మిగతావి వదులు చేసి, వెనక చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టి సరిచేయాలి. ఫెన్సుని కూడా ఆ గాడితోనే సరిచూడండి. స్ప్లిటర్ లేకుండా నిలువు కోత (చెక్క పొడవునా కోసేది) కోయవద్దు, తమ్ముడూ.

హ్యూస్టన్_గ్యారేజీ:
అందరికీ చాలా థాంక్స్. మోటారు తెరిచాను, ఒహాయో అన్న చెప్పినట్టే స్విచ్ పాయింట్ల మధ్య పొట్టు, గుప్పెడు వచ్చింది! గాలి కొట్టి బిగించాక మొదటిసారికే తిరిగింది, మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. బల్ల సగం గీకాను, చక్రం ఇంకా నానుతోంది. లక్ష్మక్కా, కొలిచాను, తేడా 1000వ వంతులు 18 వచ్చింది. రేపు బోల్టులు వదులు చేస్తాను, స్ప్లిటర్ ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా టేకు చెక్క జోలికి వెళ్ళను.