అప్‌డేట్: మ్యాడ్‌విలనీ మళ్ళీ విన్నా

పోయిన నెల అడిగింది నేనే. 'రాపర్ ఎంఎఫ్ డూమ్, బీట్లు కట్టే మ్యాడ్‌లిబ్ కలిసి చేసిన హిప్‌హాప్ ఆల్బమ్ మ్యాడ్‌విలనీ (2004)ని అందరూ ఆకాశానికెత్తుతున్నారు, నాకేమో కోరస్ లేని ముక్కల్లా ఉంది, లోపం నాదా ఆల్బమ్‌దా?' అని. ఎక్కువమంది చెప్పింది ఒకటే: షఫుల్ ఆపు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా విను. ఒకాయన మాత్రం 'నచ్చకపోతే వదిలెయ్, పరీక్షేం కాదుగా' అన్నాడు. ఆ మాటకే ధైర్యమొచ్చి మళ్ళీ పెట్టా.

22 ట్రాకులు, ముప్పావుగంట. మూడోసారికి అకార్డియన్ అనే పాట ఎక్కింది. రెండు నిమిషాలైనా ఉండదు, ఆ సాగదీసిన అకార్డియన్ ముక్క చుట్టూ డూమ్ నింపాదిగా, నిద్రమత్తు గొంతుతో ప్రాసలు పేర్చుకుంటూ పోతాడు. పాట అయిపోయాక గానీ లైను మధ్యలో దాచిన ప్రాస తట్టదు. విడుదలకు ముందే ఆల్బమ్ లీకైతే గొంతు తగ్గించి మళ్ళీ రికార్డ్ చేశాడని మీలో ఒకరు చెప్పారు కదా, ఆ మత్తు అందుకేనన్నమాట.

ఫ్యాన్సీ క్లౌన్‌కైతే పగలబడి నవ్వా. ఆ పాటలో డూమే విక్టర్ వాన్ అనే ఇంకో వేషంలో వచ్చి, తన పిల్ల డూమ్‌తో తిరుగుతోందని తిడతాడు. తిట్టేదీ తనే, తిట్లు తినేదీ తనే!

అమెరికాస్ మోస్ట్ బ్లంటెడ్ పాట మాత్రం ఇప్పటికీ బోరే, తిట్టుకోండి. ఈ వారం మ్యాడ్‌లిబ్ మన సినిమా పాటల ముక్కలతో కట్టిన బీట్ కండక్టా ఆల్బమ్ సిరీస్‌లోని ఇండియా భాగం మొదలెట్టా.