జుకినీ పిందెలు పసుపు పడి రాలిపోతున్నాయ్, ఎరువు చాలకేనా?

కూకట్‌పల్లి మేడతోట:
నమస్తే అండి అందరికీ. దసరా అయ్యాక మేడ మీద రెండు పెద్ద గ్రో బ్యాగుల్లో జుకినీ (కీర దోసలా కనిపించే గుమ్మడి జాతి కూరగాయ) గింజలు పెట్టాను, ఆకులు విస్తరాకులంత అయ్యాయి. ముందు వచ్చిన పూలన్నీ కాయ లేకుండానే రాలిపోయాయి, ఇప్పుడు పిందెతో వస్తున్నాయి కానీ వేలంత అయ్యేసరికి కొస పసుపు పడి మెత్తబడి ఊడిపోతోంది. నర్సరీలో అడిగితే ఎరువు చాల్లేదన్నారు, డీఏపీ వేశాను, ఆకులే ఇంకా పెరిగాయి. ఇప్పటికి ఐదు పిందెలు పోయాయి, మా పాప స్కూల్ నుంచి రాగానే పైకెళ్లి చూసొస్తుంది పాపం. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

తులసికోట:
ఎరువు ఆపేయండి ముందు, ఇది తిండి సమస్య కాదు. జుకినీలో మగ పూలు వేరు ఆడ పూలు వేరు, మొదట వచ్చి రాలిపోయినవన్నీ మగవే, అది మామూలే. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. పుప్పొడి అందని పిందె మీరు చెప్పినట్టే కొస నుంచి పసుపు పడుతుంది. మూడో నాలుగో అంతస్తు మీదకి తేనెటీగలు సరిగా రావు, మాకూ మొదటి ఏడాది ఇదే జరిగింది, అందుకే మనమే చేయాలి. పొద్దున్న ఆరు ఏడు మధ్య పూలు విచ్చుకుని ఉన్నప్పుడు మగ పువ్వు తెంపి రేకలు తీసేసి మధ్యలో పుప్పొడి ఉన్న పుల్లలాంటి భాగాన్ని ఆడ పువ్వు లోపల మెల్లగా చుట్టూ రాయండి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది, ఇక ఆ రోజుకి లాభం లేదు. పక్కన సొర పాదు ఏమైనా ఉంటే దాని పుప్పొడి రాయకండి, పని చేయదు. బంతి నాలుగు కుండీలు పెట్టండి, తేనెటీగలు అవే వస్తాయి.

అల్వాల్ అన్న:
అక్క మంచిగ చెప్పింది. కాయ నిలవడం మొదలైనంక ఇంకోటి చూసుకోవాలె, జానెడు లేదా ఇంకొంచెం పొడుగు కాంగనే కోసెయ్యాలె. పెద్దగ కానిద్దాం అని వదిలేస్తే తొక్క గట్టిపడ్తది, లోపల గింజ ముదురుతది, ముదిరిన కాయ ఉంటే మొక్క కొత్త పిందెలు పెట్టుడు తగ్గిస్తది. మస్తు ఫాస్ట్‌గ పెరుగుతది అన్నా, పొద్దున చిన్నగ కనిపించింది రెండ్రోజులల్ల మోచెయ్యంత అయితది, రోజు విడిచి రోజు చూడు. చేత్తో మెలితిప్పకు, కాండం విరుగుతది, చాకుతోని రెండు వేళ్లంత తొడిమ ఉంచి కొయ్యి. నీళ్లు మొదట్ల పొయ్యాలె, ఆకుల మీద కాదు. ఈ చలికి బూడిద తెగులు రావొచ్చు, తెల్ల మచ్చ కనిపిస్తే ఆ ఆకు తీసెయ్, పుల్ల మజ్జిగ పది వంతుల నీళ్లల్ల కలిపి కొట్టు.

కూకట్‌పల్లి మేడతోట:
వారం అయిందండి! ఆరున్నరకే పైకెళ్లి రెండు పూలకి రాశాను, ఒకటి మా పాప చేత్తోనే రాయించాను, రెండు కాయలూ ఆకుపచ్చగా నిలిచాయి, ఒకటి జానెడు అయిపోయింది. ఇవాళ కోసెయ్యనా?

తులసికోట:
కోసెయ్యండి, పాపతోనే కోయించండి. పెసరపప్పుతో కలిపి వండితే భలే ఉంటుంది, తొక్క తీయక్కర్లేదు. వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే మాత్రం తినకుండా పారేయండి, చేదు జుకినీ కడుపు పాడు చేస్తుంది.